వేడెక్కితే ఆగిపోతున్న 2003 పాలియో 1.2: క్రాంకు సెన్సారు ఎక్కడ ఉంటుంది?

కడప_పాలియో

అందరికీ నమస్కారం. మాది కడప. 2003 మోడల్ ఫియట్ పాలియో, 1.2 పెట్రోలు. నాన్నగారు కొన్న కారు, ఇప్పటికీ ఇంట్లో అదే నడుస్తోంది. ఈ వేసవి నుంచి ఒక ఇబ్బంది పట్టుకుంది. పొద్దున పూట సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ లోటూ ఉండదు. ఎండలో గంటకు పైగా నడిపితే మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. దగ్గడం, ఊగడం ఏమీ ఉండవు. తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. తర్వాత సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు. బానెట్టు ఎత్తి అరగంట నీడన ఉంచితే, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది.

మొన్న రాయచోటి వెళ్తుంటే గువ్వలచెరువు ఘాటులో, సరిగ్గా మలుపు మీద ఆగింది. వెనక వరసగా లారీలు, కారులో అమ్మ. అక్కడి నుంచి దీన్ని తేల్చుకోకుండా ఘాటు ఎక్కకూడదని నిర్ణయించుకున్నాను.

ఇక్కడి మెకానిక్కు ఒకరు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సారు అయి ఉండవచ్చన్నారు, ఇంకొకరు క్యాము (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సారు అన్నారు. ఈ కారులో అవి ఎక్కడ ఉంటాయో ఇద్దరికీ తెలియలేదు. పై నుంచి ఎంత వెతికినా నాకూ కనిపించలేదు. తెలిసినవారు చెప్పగలరా?

గుత్తి_రోడ్డు

అన్నా, ముందు పెట్రోలు పంపు చూడండి. అనంతపురంలో టాక్సీలు నడుపుతాం. వేడికి ఆగే బండ్లలో ఎక్కువ భాగం పంపు వల్లే ఆగడం చూశాను. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే పంపు ఇంకా తొందరగా వేడెక్కుతుంది. సగం ట్యాంకు పైన ఉంచి ఒకసారి నడిపి చూడండి.

ప్రొద్దుటూరు_వైరింగు

గుత్తి రోడ్డు అన్న చెప్పింది కొట్టిపారేయలేం, పంపూ కావచ్చు. కాని పంపు పోతున్న బండి సాధారణంగా ముందే చెబుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, కాస్త దగ్గుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. ఒక్క దెబ్బకు ఆగిందంటే నా చూపు ముందు కరెంటు వైపు పోతుంది.

నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. కడప పాలియో గారు, సామాను ఏదీ కొనకండి. ఈసారి బండి ఆగినప్పుడు, అది చల్లబడే లోపలే మూడు సంగతులు చూడండి. చల్లబడ్డాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, ఏమీ తెలియదు.

తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి పంపు రెండు క్షణాలు గుయ్‌మని ఆగిందా? సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు, మీ మోడల్‌లో ఉంటే, కొంచెమైనా లేచిందా, లేక సున్నా మీదే పడుకుందా? పాత ప్లగ్గు ఒకటి వైరుకు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు గట్టిగా ఎర్తు చేసి సెల్ఫ్ కొట్టిస్తే నిప్పు వస్తోందా?

ప్లగ్గును చేత్తో పట్టుకోవద్దు. ఇన్సులేషను ఉన్న పట్టకారుతో పట్టుకోండి, లేదా క్లిప్పుతో బిగించండి. పెట్రోలు వాసన ఉంటే ఆ పరీక్ష మానేయండి.

నిప్పు ఉండి బండి పట్టుకోకపోతే పంపు వైపు వెళ్దాం. నిప్పు లేదు, ముల్లు లేవలేదు అంటే ఇంజను తిరుగుతోందన్న కబురే ఈసీయూకు, అంటే ఇంజనును నడిపే కంప్యూటరుకు, అందడం లేదు. ఆ కబురు పంపేది క్రాంకు సెన్సారు.

గుత్తి_రోడ్డు

మూడు పరీక్షలూ సబబుగా ఉన్నాయి. ముల్లు సంగతి నేనూ ఇక మీదట చూస్తాను. మా డ్రైవర్లకు చెప్పడానికి కూడా సులువు.

పాలిటెక్నిక్_మాస్టారు

అనంతపురం నుంచి. ఆటోమొబైలు విభాగంలో చాలా ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. "సెన్సారు ఎక్కడ ఉంటుంది" అన్న ప్రశ్న ప్రతి పాత కారుకూ వస్తుంది కాబట్టి, కొంచెం విడమరచి రాస్తాను. ఓపిగ్గా చదవండి.

క్రాంకు సెన్సారుకు పళ్లున్న చక్రం ఒకటి కావాలి. ఆ చక్రం క్రాంకుతో పాటే తిరగాలి. కాబట్టి అది ఉండగలిగే చోట్లు మూడే. క్రాంకు ఒక కొసన పుల్లీ ఉంటుంది, అక్కడ. రెండో కొసన ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఉంటుంది, అక్కడ. లేదా బ్లాకు లోపల, క్రాంకు షాఫ్టుకే బిగించిన చక్రం దగ్గర. ఏ కంపెనీ కారైనా, ఏ సంవత్సరానిదైనా, ఈ మూడింట్లో ఒక చోట వెతికితే దొరుకుతుంది. ముందు "పళ్లు ఎక్కడున్నాయి" అని అడగండి, సెన్సారు వాటికి ఎదురుగానే కూర్చుని ఉంటుంది.

మీ పాలియో 1.2లో ఉన్నది ఫైర్ అనే 1242 సీసీ ఇంజను. దీనిలో పళ్లు పుల్లీ మీదే ఉంటాయి. ఇంజను అడ్డంగా కూర్చున్న కారు కాబట్టి గేర్‌బాక్సు ఎడమ వైపు, టైమింగు బెల్టు కుడి వైపు, అంటే డ్రైవరు వైపు. బానెట్టు ఎత్తి పై నుంచి చూస్తే కనిపించకపోవడానికి కారణం అదే. పుల్లీ కింద, చక్రం గూడు పక్కన దాగి ఉంటుంది. డ్రైవరు వైపు ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తొడుగు తీస్తే పుల్లీ నేరుగా ఎదురవుతుంది. అంచు చుట్టూ గేరు పళ్ల లాంటివి కనిపిస్తాయి. ఆ పళ్లకు కొద్దిపాటి సందు వదిలి, నల్లటి చిన్న ముక్క ఒకటి బోల్టుతో బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక వైరు పైకి పోతుంది. అదే.

ఆ పళ్లలో ఒక విశేషం ఉంది. చక్రం చుట్టూ 60 పళ్లకు చోటు ఉంటుంది, కాని 58 మాత్రమే ఉంటాయి. రెండు కావాలని తీసేస్తారు. ఒక్కో పన్ను 6 డిగ్రీలు. సెన్సారు ముందు నుంచి పళ్లు వరసగా పోతూ, ఆ ఖాళీ రాగానే సంకేతంలో ఒక తెరిపి వస్తుంది. అక్కడి నుంచి పళ్లు లెక్కపెట్టి, మొదటి పిస్టను పైకొసకు ఎప్పుడు వస్తుందో ఈసీయూ తెలుసుకుంటుంది. స్పార్కు ఎప్పుడు ఇవ్వాలి, పెట్రోలు ఎప్పుడు చల్లాలి అన్నవి రెండూ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి. అందుకే ఈ సెన్సారు నోరు మూసుకుంటే ఇంజను నెమ్మదించదు, ఉన్నపళాన ఆగుతుంది. అంతేకాదు, క్రాంకు తిరగడం లేదనుకుని ఈసీయూ పంపు రిలేను కూడా ఆపేస్తుంది. పంపు పనిచేయడం లేదని తెలిసి పంపును మార్చేసి, మళ్లీ అదే రోడ్డు మీద ఆగిపోయినవారు నా దగ్గరకు ఎందరో వచ్చారు. తాళం ఆన్ చేసిన మొదటి రెండు క్షణాలు పంపు మోగితే, పంపులో లోపం లేదనడానికి అది మంచి గుర్తు.

ఇక క్యాము సెన్సారు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరుగుతుంది. పిస్టను పైకి వచ్చిందని క్రాంకు సెన్సారు చెబుతుంది గాని, అది కంప్రెషన్ చివరా, ఎగ్జాస్టు చివరా అన్నది చెప్పలేదు. ఆ ముక్క చెప్పేది క్యాము సెన్సారు. కాబట్టి దాన్ని సాధారణంగా ఇంజను పైభాగమైన హెడ్డు దగ్గర, క్యాము ఉన్న చోట వెతకాలి, కింద కాదు. రెండేసి సిలిండర్లకు ఒకేసారి స్పార్కు ఇచ్చే పద్ధతి ఉన్న కార్లలో క్యాము సెన్సారు పోయినా బండి చాలావరకు నడుస్తుంది, స్టార్టు కావడానికి కాస్త సతాయిస్తుంది. మీరు చెప్పిన లక్షణం దానిది కాదు.

నంద్యాల_సిటీ

మాస్టారూ, మాది 2001 హోండా సిటీ. పుల్లీ దగ్గర చూశాను, అక్కడ ఏ సెన్సారూ లేదు. మూడు చోట్లలో ఒకటన్నారు కదా?

పాలిటెక్నిక్_మాస్టారు

బాగా అడిగారు. మీ కారు డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే భాగం) ఉన్న తరానికి చెందినది. 1998లో ఇక్కడికి వచ్చిన ఆ సిటీలో ఈ సెన్సార్లను డిస్ట్రిబ్యూటరు లోపలే అమర్చారు. డిస్ట్రిబ్యూటరును తిప్పేది క్యాము, క్యామును తిప్పేది క్రాంకు. కాబట్టి క్రాంకు లెక్కను కూడా అక్కడి నుంచే తీసుకోవచ్చు. హెడ్డు పక్కన ప్లగ్గు వైర్లన్నీ వచ్చి చేరే మూత ఉంటుంది చూడండి, దాని కిందే. నేను చెప్పిన మూడు చోట్లూ డిస్ట్రిబ్యూటరు లేని ఇంజన్లకు వర్తిస్తాయి. మీరు అడిగింది మంచిదైంది, ఆ తేడా అందరికీ తెలియాలి.

మీ కారులో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. టైమింగు బెల్టు ఒక పన్ను జారినా ఆ లెక్కంతా జరిగిపోతుంది. సెన్సారును అనుమానించే ముందు బెల్టు గుర్తులు చూసుకోండి.

రాయచోటి_ఇండికా

మా ఇండికా మొదటి రోజుల నాటి డీజిల్. దీనిలో క్రాంకు సెన్సారు ఎక్కడ?

ప్రొద్దుటూరు_వైరింగు

మీ బండికి అక్కరే లేదు అన్నా. అది మెకానికల్ పంపు డీజిల్. పంపును టైమింగు బెల్టు తిప్పుతుంది, ఎప్పుడు ఎంత డీజిల్ పోవాలన్నది పంపు లోపలే తేలిపోతుంది. ఉన్నట్టుండి ఆగితే పంపు మీద ఉండే సోలినాయిడుకు (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వుకు) కరెంటు వస్తోందో లేదో చూడండి. అది రాకపోతే డీజిల్ మూతపడుతుంది. తర్వాత వచ్చిన, ఈసీయూ నడిపే కామన్ రైలు డీజిల్ బండ్ల సంగతి వేరు, వాటికి క్రాంకు సెన్సారు లేకపోతే ఒక్క చుక్క కూడా పోదు.

కర్నూలు_తుంగభద్ర

మా దగ్గర ఒపెల్ కోర్సా ఉంది. దానిలో కూడా పుల్లీ వైపే, బ్లాకు ముందు భాగంలో. మాస్టారు చెప్పిన 58 పళ్ల చక్రమే. పాలియో వారికి నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను.

2009 అక్టోబరు వరదలో కర్నూలు ఎలా మునిగిందో తెలిసినదే. ఆ నీళ్లలో నిలిచిన కారు ఇది. కడిగించి, ఆయిల్ మార్పించి, ఇంజను బాగానే నిలబెట్టుకున్నాం. రెండేళ్ల తర్వాత ఉన్నట్టుండి ఆగడం మొదలైంది. సెన్సారు మార్చారు, తగ్గలేదు. చివరికి ఒక పెద్దాయన సెన్సారు వైరు మీద చేయి పెట్టుకుంటూ పైదాకా పోయి, కప్లరు (వైర్లు ఒకదానితో ఒకటి కలిసే ప్లాస్టిక్ జోడు) ఊడదీసి చూపించారు. లోపల పిన్ను పచ్చగా చిలుం పట్టి, సగం తినేసి ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎలాగో అంటుకుంటోంది, వేడికి ప్లాస్టిక్ సాగగానే వదిలేస్తోంది. పిన్ను మార్చాక ఇప్పటి వరకూ మళ్లీ ఆగలేదు. సెన్సారుతో పాటు కప్లరును కూడా విప్పి, వెలుతురులో పట్టి చూడండి.

తాడిపత్రి_నల్లరాయి

ఇంకొక మాట. మా వైపు రాళ్ల పాలిషు యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువ. దుమ్ము ఎంత పట్టినా సెన్సారుకు పెద్దగా నష్టం లేదు. కాని క్రాంకు సెన్సారులో అయస్కాంతం ఉంటుంది కదా, ఇనుప రజను దాని మూతికి గడ్డం లాగా అంటుకుంటుంది. క్లచ్చు అరిగిన బండ్లలో, ఫ్లైవీలు వైపు సెన్సారు ఉంటే ఇది మరీ ఎక్కువ. తీసి గుడ్డతో తుడిచి, సందు శుభ్రం చేసి పెడితేనే బాగుపడిన బండ్లు చూశాను. మహీంద్రా రెనో లోగన్‌లో సెన్సారు క్లచ్ హౌసింగు పైన ఉంటుంది, పై నుంచే చేయి అందుతుంది, తీసి తుడవడం కష్టం కాదు.

గుత్తి_రోడ్డు

స్కానరు పెడితే కోడు వస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు? మా కొత్త బండ్లకు ఫోనుకు కలిసే చిన్న పరికరం వాడుతున్నాం.

ప్రొద్దుటూరు_వైరింగు

వస్తే మంచిదే అన్నా. పీ0335 వస్తే క్రాంకు సెన్సారు సర్క్యూటు, పీ0336 అయితే సంకేతం సరిగా లేదని, పీ0340 అయితే క్యాము సెన్సారు, పీ0016 అయితే రెండింటి లెక్కా కలవడం లేదని అర్థం. చివరిది వస్తే టైమింగు చూడాలి, సెన్సారు కాదు.

కాని మన దేశంలో కార్లకు ఓబీడీ (లోపాన్ని కారే పట్టి కోడుగా చూపే పద్ధతి) నియమం వచ్చింది 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి. 2003 నాటి బండితో ఆ ఫోను పరికరం మాట్లాడుతుందన్న భరోసా లేదు. ఆ కంపెనీకి సరిపడే పాత స్కానరు ఉన్న షెడ్డు దొరకాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది: వేడికి క్షణంపాటు తెగి మళ్లీ అంటుకునే సెన్సారుకు ప్రతిసారీ కోడు పడకపోవచ్చు. కోడు వస్తే నమ్మండి. రాకపోతే సెన్సారు బాగుందని మాత్రం అనుకోకండి.

కడప_పాలియో

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం ఎండలో కావాలనే మైదుకూరు వైపు వెళ్లాను, తమ్ముడిని వెంట తీసుకుని. తిరిగి వస్తుంటే ఆగింది. రోడ్డు పక్కకు తీసి వెంటనే చూశాం.

తాళం ఆన్ చేయగానే పంపు మోగింది. సెల్ఫ్ కొడుతుంటే ఆర్పీఎం ముల్లు అసలు కదల్లేదు. ప్లగ్గుకు నిప్పు లేదు. ఇంటికి వచ్చాక చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూశాం: సెల్ఫ్ కొట్టేటప్పుడే ముల్లు కొంచెం లేస్తోంది, నిప్పు నీలంగా వస్తోంది.

ప్రొద్దుటూరు_వైరింగు

ఇక దారి దొరికింది. పంపు జోలికి పోనక్కర లేదు. ఇప్పుడు సెన్సారా, దాని వైరా అన్నది తేల్చాలి.

ముందు కప్లరులో వైర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండు వైర్లుంటే లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ ఉన్న రకం. మూడు వైర్లుంటే రెండు అర్థాలు ఉన్నాయి, జాగ్రత్త. ఒకటి, అదే రాగి తీగ రకం, మూడోది బయటి కరెంటు అలజడి లోపలికి రాకుండా కప్పిన జాలీ వైరు. రెండు, హాల్ రకం, అంటే లోపల చిన్న సర్క్యూటు ఉన్నది: ఒక వైరులో 5 లేదా 12 వోల్టుల సప్లై, ఒకటి ఎర్తు, ఒకటి సంకేతం. హాల్ రకానికి ఓముల మీటరు పెట్టవద్దు. అంకె చూసి ఏమీ తేలదు, లోపలి సర్క్యూటు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. తాళం ఆన్ చేసి, కప్లరులో బండి వైపు సప్లై వోల్టేజీ వస్తోందేమో చూడండి. వస్తే హాల్ రకమని తెలుస్తుంది.

రాగి తీగ రకమైతే పని సులువు. కప్లరు ఊడదీసి, సెన్సారు వైపు పిన్నుల మధ్య ఓములు చూడండి. చల్లగా ఒకసారి, బండి ఆగిన వెంటనే ఒకసారి. చక్రం విప్పకుండానే పై నుంచి కప్లరు అందితే ఇంకా మంచిది. వైరును పళ్ల దగ్గర నుంచి పైకి వెంబడిస్తే కప్లరు దొరుకుతుంది. వైరుకు సూది గుచ్చి కొలిచే అలవాటు చాలా మందికి ఉంది, అది చేయవద్దు. ఆ రంధ్రంలో నుంచే తర్వాత నీరు దిగుతుంది.

ఓములు బాగానే ఉంటే, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పళ్లు దాటుతున్నప్పుడు చిన్న వోల్టేజీ పుట్టాలి. అసలు ఏమీ రాకపోతే సందు ఎక్కువైంది, లేదా సెన్సారు పోయింది.

పాలిటెక్నిక్_మాస్టారు

ఓముల అంకె ఎంత ఉండాలన్నది కారును బట్టి మారుతుంది, మీ కారు సర్వీసు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. కాని వేడికి అంకె పెరిగితే కంగారు పడకండి. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 1,000 ఓములున్న తీగ 100 డిగ్రీల దగ్గర 1,300 దాటుతుంది. అది రాగి గుణం, లోపం కాదు. ఆ పాటి పెరుగుదల చూసి మంచి సెన్సారును పారేసినవారిని ఎరుగుదును. లోపం ఉంటే అంకె గంతులు వేస్తుంది, లేదా పూర్తిగా తెగిపోయినట్టు చూపిస్తుంది.

తెగడానికి కారణం కూడా చెబుతాను. వెంట్రుక కన్నా సన్నని తీగ అది, ప్లాస్టిక్‌లో పోతపోసి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా రోజూ వేడెక్కి చల్లారుతూ ఎక్కడో ఒక చోట చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రాగి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, కొసలు విడిపోతాయి. రాయలసీమ మే నెలలో బానెట్టు కింద అంత వేడి ఉండటం మామూలే. అందుకే చలికాలమంతా దాక్కున్న లోపం ఇప్పుడు బయటపడింది.

గుత్తి_రోడ్డు

మా నాన్న అంబాసిడర్ నడిపిన రోజుల్లో వేసవిలో పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసేవారు. అలాంటిదేదైనా ఈ సెన్సారుకు పనికొస్తుందా?

ప్రొద్దుటూరు_వైరింగు

పనికొస్తుంది, కాని కారణం వేరు. అంబాసిడర్‌లో పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోయేది, అందుకు తడి గుడ్డ. ఇంజెక్షను బండ్లలో పెట్రోలు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి ఆ బాధ చాలా తక్కువ. సెన్సారు చేతికందే చోట ఉన్న కారులో, ఆగిన వెంటనే దాని మీద మాత్రమే చల్లని నీళ్లు కొద్దిగా పోసి సెల్ఫ్ కొడతాం. అరగంట ఆగాల్సిన బండి అప్పుడే స్టార్టయితే సెన్సారు మీద అనుమానం బలపడుతుంది. ఎగ్జాస్టు మీద, కాయిల్ మీద నీళ్లు పడకూడదు. పాలియోలో అది కింద ఉంది కాబట్టి రోడ్డు మీద ఈ పని వద్దు, మీటరు చాలు.

కడప_పాలియో

ఈ ఆదివారం తమ్ముడూ నేనూ కూర్చున్నాం. హ్యాండు బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పాం. బ్యాటరీ నెగటివు వైరు తీసేశాం.

మాస్టారు రాసినట్టే ఉంది. ప్లాస్టిక్ తొడుగు తీయగానే పుల్లీ, దాని అంచు చుట్టూ పళ్లు. పుల్లీని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒకచోట రెండు పళ్ల ఖాళీ కనిపించింది. అది చూడగానే తమ్ముడు కేక పెట్టాడు. ఎదురుగా సెన్సారు, ఏళ్ల తరబడి పేరుకున్న ఆయిలు, మట్టి పొర కింద. ఇన్నాళ్లూ పై నుంచి ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది.

వైరు వెంట పైకి పోయి కప్లరు పట్టుకున్నాం. పిన్నులు మెరుస్తూనే ఉన్నాయి, చిలుం లేదు. చల్లగా 1,200 ఓముల దగ్గర చూపించింది. తర్వాత చక్రం బిగించి, ఎండలో తిప్పి తెచ్చి, కప్లరు ఊడదీసి చూస్తే 1,500 దాకా పెరిగింది. అది మాస్టారు చెప్పిన రాగి గుణమే అనుకుని ఇంకాసేపు ఇంజను ఆడించాం. ఆగిపోయింది. ఆ క్షణంలోనే మీటరు పెడితే అంకె లేదు, పూర్తిగా తెగినట్టు చూపించింది. చూస్తూ ఉండగానే, పావుగంట గడిచాక, అంకె మళ్లీ వచ్చింది.

ప్రొద్దుటూరు_వైరింగు

ఇంతకన్నా రుజువు అక్కర లేదు. సెన్సారే. కప్లరు పిన్నులు బాగున్నాయని చూశారు కాబట్టి బండి వైపు వైరును కదిలించకండి.

కొత్తది బిగించేటప్పుడు కొన్ని మాటలు. పాతది తీసేముందు సందును ఫీలరు గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) కొలిచి రాసుకోండి. మామూలుగా ఇలాంటి సెన్సార్లకు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. కూర్చునే చోట మట్టి మిగిలితే సెన్సారు ఎత్తు పెరిగి సందు మారుతుంది, అందుకే ఆ చోటు బాగా తుడవండి. వైరును పాత క్లిప్పుల్లోనే, పాత దారిలోనే తీసుకెళ్లండి. క్లిప్పు విరిగిందని వదిలేస్తే వైరు బెల్టుకు తగులుతుంది, లేదా ఎగ్జాస్టు మీద కాలుతుంది.

కప్లరు సరిపోక వైర్లు కత్తిరించి కలపాల్సి వస్తే, రెండు వైర్లను తారుమారు చేయకండి. రాగి తీగ సెన్సారుకు దిక్కు ఉంటుంది. తిరగబడితే సంకేతం తలకిందులై ఈసీయూ లెక్క తప్పుతుంది, బండి స్టార్టు కాకపోవచ్చు లేదా వెనక్కి కొట్టవచ్చు. జాలీ వైరును మాత్రం సెన్సారు దగ్గర బాడీకి కలపవద్దు. అది ఈసీయూ వైపు ఒక్క కొసనే ఎర్తు అయి ఉంటుంది. రెండు కొసలా ఎర్తు చేస్తే, ఆపాల్సిన అలజడిని అదే మోసుకొస్తుంది. ఇంకొక షెడ్డులో ఇలా కలిపి పంపిన బండి ఒకటి నా దగ్గరకు వచ్చింది. కొత్త సెన్సారు పెట్టినా పైవేగంలో తడబడుతూనే ఉంది. ఆ ఒక్క ముడి విప్పగానే కుదురుకుంది.

నంద్యాల_సిటీ

సెన్సారు ఎక్కడ దొరుకుతుంది? పాలియో సామాను కర్నూలు, నంద్యాలలో నేను చూడలేదు.

తాడిపత్రి_నల్లరాయి

మేము పాత బండ్ల సామానుకు బెంగళూరు జె.సి. రోడ్డుకు వెళ్తాం. పాత సెన్సారు చేతిలో పట్టుకుని వెళ్లండి. దాని మీద అచ్చు వేసిన నంబరు, వైరు పొడవు, కప్లరు ఆకారం మూడూ కలిస్తేనే తీసుకోండి. పాత బండి నుంచి ఊడదీసినది తక్కువకు ఇస్తారు గాని, దానికీ ఇరవై ఏళ్ల వయసే ఉంటుంది కదా.

కడప_పాలియో

పెద్దనాన్నగారి అబ్బాయి బెంగళూరులోనే ఉంటాడు. పాత సెన్సారు బస్సులో పంపించాను. నంబరు కలిసిన కొత్తదే దొరికింది. కూర్చునే చోటు కిరోసిన్ గుడ్డతో తుడిచి, పాత దారిలోనే వైరు బిగించాం. సందు పాతది ఎంతుందో అంతే వచ్చింది. సెల్ఫ్ కొట్టగానే ముల్లు లేచింది.

నిన్న మిట్టమధ్యాహ్నం, ఏసీ వేసుకుని, నలుగురం కూర్చుని గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగాం. పైన ఆపి పాలకోవా కొనుక్కుని, వేడి ఇంజనునే మళ్లీ స్టార్టు చేస్తే ఒక్క చుట్టుకే అందుకుంది. అమ్మ వెనక సీట్లో నిశ్చింతగా నిద్రపోయింది.

ఒక సందేహం మిగిలింది. టైమింగు బెల్టు మార్చే గడువు కూడా దగ్గర పడింది. ఆ పనిలో పుల్లీ తీస్తారు కదా, ఈ సెన్సారుకు ఏమైనా జాగ్రత్త చెప్పాలా?

పాలిటెక్నిక్_మాస్టారు

చాలా సంతోషం. ఘాటు ఎక్కి పరీక్షించడం సరైన పని.

పుల్లీ తీసేటప్పుడు సెన్సారును ముందే విప్పి పక్కన పెట్టమనండి. స్క్రూడ్రైవరుతో పుల్లీని తన్నిపెట్టేటప్పుడు జారితే మొదట పగిలేది అదే. పళ్ల మీద సుత్తి దెబ్బ పడకూడదు. ఒక్క పన్ను వంగినా ఈసీయూకు ప్రతి చుట్టులోనూ ఒక తప్పుడు కబురు పోతుంది, ఆ తడబాటు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం మహా కష్టం. తిరిగి బిగించాక పుల్లీని చేత్తో రెండు చుట్లు తిప్పి, సందు అన్ని చోట్లా ఒకేలా ఉందో లేదో చూడండి.

కడప_పాలియో

అలాగే మాస్టారూ, ఇదంతా ఒక కాగితం మీద రాసి మెకానిక్కు గారికి ఇస్తాను. పుల్లీ, పళ్ల ఖాళీ, సెన్సారు, కప్లరు ఫొటోలు వరసగా తీసి పెట్టాను. పాలియో ఉన్నవారు ఎవరైనా అడిగితే ఇక్కడే పెడతాను.